నిండుకుండల పేట

నమోదు 1

నా పేరు శర్వాణి. పిల్లల డాక్టర్ని. మహా జలాశయం మీద తేలే ఈ తెప్పల పేటకు నన్ను ఆరోగ్య మండలి బదిలీ చేసింది. ఒడ్డునున్న మెట్టలో పై అధికారికి ఎదురు చెప్పినందుకు ఇది శిక్ష అని అందరికీ తెలుసు. ఉత్తర్వులో మాత్రం 'సేవావకాశం' అని ఉంది.

రోజూ ఇలా నమోదు చెప్పాలట. నేను మాట్లాడితే ఆస్పత్రి యంత్రం రాసుకుంటుంది. రాసుకుని ఊరుకుంటే బాగుండేది. 'శిక్ష' కింద గీత గీసి, "ఈ పదం కఠినంగా ఉంది, మార్చాలా?" అని అడిగింది. వద్దన్నాను. మొదటి రోజే మా ఇద్దరికీ పడలేదు.

ఇక్కడ ఇల్లూ తెప్పే, బడీ తెప్పే, ఆస్పత్రీ తెప్పే. అన్నిటినీ లావుపాటి తాళ్ళతో ఒకదానికొకటి కట్టేశారు. వీళ్ళ పాత ఊళ్ళు మా కాళ్ళ కింద నీళ్ళ అడుగున ఉన్నాయి. పుట్టిన ప్రతి బిడ్డనూ మండలి ఇచ్చిన ఉయ్యాలలో పడుకోబెడతారు. ఉయ్యాల బిడ్డ మడమ నుంచి రక్తపు చుక్క తీసుకుని పరీక్షిస్తుంది. అంతా బాగుంటే పచ్చదీపం, అనుమానముంటే పసుపు, ప్రమాదమైతే ఎరుపు. దీపాన్ని బట్టి మందుల పెట్టె తెరుచుకుంటుంది. దీపం కింద సంతకం పెట్టడం నా ఉద్యోగం. దీనికోసం ఏళ్ళ తరబడి వైద్యం చదివాను!

పేటలో నాకు మొదట కనబడినవి ఇత్తడి కుండలు. ప్రతి తెప్ప మీదా ఒక గడ, గడకు వేలాడే కుండలు. ఏమిటివని అడిగితే, ఆస్పత్రి పక్క తెప్పలో ఉండే నూకరత్నం నా అమాయకత్వానికి నవ్వింది. ఆమె కోడలు వరహాలు నిన్ననే ఆడపిల్లను కన్నది.

"అవా? నిండుకుండలమ్మా! ముంపు రోజుల్లో ఒక్క తెప్ప మీద పదిళ్ళోళ్ళం బతికేవోళ్ళం. ఒక పిల్ల ఏడిస్తే పదిళ్ళకీ నిద్దర లేదు. తగువులాడుకుని ఒకర్నొకరు నీళ్ళలోకి తోసుకున్నోళ్ళున్నారు. ఏడవని పిల్లని కన్న తల్లికి దండవెట్టేవోరు. అప్పట్నించీ బారసాల నాడు ఉయ్యాల పక్కన శంఖం ఊదుతాం. పిల్ల ఉలిక్కిపడకపోతే నిండుకుండ. నిండుకుండ తొణకదు కదేటి! ఆ ఇంటి గడకి కుండ కడతాం."

"మీ ఇంటికి ఉందా?"

"మా మనవడిది ఉంది. ఈ పిల్లకీ కొనేసి ఉంచాను. ఇదీ కిమ్మనదు, బంగారు తల్లి!"

ఆచారం ఎవరి నమ్మకం వాళ్ళది, నాకెందుకు అనుకున్నాను. కానీ గడలను చూస్తే ఉండబట్టలేదు. పాత గడలకు నల్లబడిన కుండ ఎక్కడో ఒకటి వేలాడుతోంది. కొత్త గడలకు మూడేసి, నాలుగేసి మెరుస్తున్నాయి. ఒకప్పుడు పేట మొత్తానికి ఏడాదికొక నిండుకుండ పుట్టేదట. ఇప్పుడు ఇంటింటా పుడుతున్నాయని నూకరత్నం గర్వంగా చెప్పింది. రేపే ఆ పిల్లను చూస్తానని చెప్పాను.

నమోదు 2

వరహాలు బిడ్డను చూశాను. ఒళ్ళంతా పసుపు. చర్మం చల్లగా ఉంది. నాలుక నోటికి పెద్దదై బయటికి వస్తోంది. బొడ్డు ఉబ్బి ఉంది. గిల్లితే బొంగురు గొంతుతో ఒక్క మూలుగు మూలిగి మళ్ళీ కళ్ళు మూసుకుంది. ఉయ్యాల మీద పచ్చదీపం నిశ్చింతగా వెలుగుతోంది.

దీపం సంగతి సరే, రక్తంలో అంకె చెప్పమన్నాను. యంత్రం కాసేపు నసిగి చెప్పింది. మెట్టలో ఆ అంకె వస్తే గంటలు మోగి నలుగురు డాక్టర్లు పరిగెత్తుకొస్తారు.

ఇది థైరాయిడ్ జబ్బు. గొంతు దగ్గరి గ్రంథి పని చేయడం లేదు. అది పని చేయకపోతే బిడ్డ మెదడు ఎదగదు. మందు ఎంతో కాదు, చిన్న మాత్ర. రోజుకొకటి నలిపి తల్లిపాలలో రంగరించి పోస్తే చాలు, పిల్ల అందరు పిల్లల్లాగే పెరుగుతుంది. కానీ పుట్టిన తొలి రోజుల్లోనే మొదలుపెట్టాలి. బారసాల దాటాక మొదలుపెడితే అప్పటికి పోయింది పోయినట్టే.

పెట్టె తెరవమన్నాను. "బిడ్డ సాధారణం. మందు అవసరం లేదు" అంది యంత్రం. నేను డాక్టర్నన్నాను. "మీ సంతకం కోసం ఎదురుచూస్తున్నాను" అంది. పెట్టెను తన్నాను. ఇనుప పెట్టె, నా కాలే వాచింది.

వరహాలు గోడ వారగా కూర్చుని ఉంది. పాతికేళ్ళుంటాయేమో, మాట పెగలని మనిషి. "పాలకి కూడా నేనే లేపాలండి. నాలుగు గుక్కలు తాగి పడిపోద్ది" అని, ఇంకేదో అనబోయి అత్తగారి వైపు చూసి ఆగిపోయింది.

గడకు ఆనుకుని ఐదేళ్ళ పిల్లాడు కూర్చుని ఉన్నాడు, నోట్లో వేలు వేసుకుని. ఈగ ముఖం మీద వాలినా తోలుకోవడం లేదు. "కొండబాబు. మా మొదటి కుండ వీడిదే" అంది నూకరత్నం, వాడి తల నిమురుతూ.

సంతకం పెట్టలేదు.

నమోదు 3

తెప్ప తెప్పకూ తిరిగాను. ఏ తెప్పలో చూసినా అదే పసుపు, అదే నిద్ర, అదే నాలుక. పదిమందిలో ఏడుగురు ఇలాగే ఉన్నారు, మిగతావాళ్ళు కాస్త నయం, అంతే. అప్పటిదాకా చూసిన ఉయ్యాలలన్నిటి మీదా పచ్చదీపాలే.

బడి తెప్పకు వెళ్ళాను. పిల్లలు బుద్ధిగా కూర్చున్నారు. అంత బుద్ధి నేనెక్కడా చూడలేదు. ఒక్కడు కూడా పక్కవాణ్ణి గిచ్చడం లేదు. ఐదో తరగతికి అంకెలు ఇరవై దాకానే ఉన్నాయి.

"ఇంతకు ముందు వంద దాకా ఉండేదండి" అన్నాడు మాస్టారు భద్రయ్య. "పిల్లలకు రావడం లేదని మండలి తగ్గించింది. తగ్గించాక కూడా రాకపోతే మళ్ళీ తగ్గించింది. ఇప్పుడు నూటికి నూరు మంది పాసు. మెచ్చుకుంటూ ఫలకం కూడా పంపారు."

ఫలకం చూపించాడు. ఆయన ముఖంలో సంతోషం మాత్రం లేదు.

చివరి తెప్ప దగ్గరికి వెళ్ళేసరికి ఒక బిడ్డ గుక్కపట్టి ఏడుస్తున్న చప్పుడు వినిపించింది. ప్రాణం లేచొచ్చింది. పరిగెత్తాను. మంగతాయి అనే అమ్మాయి కొడుకు, నిక్షేపంలా ఉన్నాడు. కాళ్ళతో గాలిని తంతున్నాడు, నా జడ పట్టుకుని లాగాడు. ఉయ్యాల మీద చూస్తే పసుపు దీపం! "అసాధారణ చురుకుదనం. శాంతపరచండి" అని రాసి ఉంది.

నేను ఆస్పత్రికి వచ్చేసరికి, నిన్న ఎంత తన్నినా కదలని ఆ పెట్టె, టక్కున తెరుచుకుని ఉంది. మంగతాయి బిడ్డ కోసం ఒకే ఒక్క అరలో ఒక సీసా. నిద్ర చుక్కలు.

జబ్బు పిల్లకు మందు ఇవ్వదు. ఆరోగ్యంగా ఉన్న పిల్లాణ్ణి జబ్బు పిల్లల్లా పడుకోబెట్టడానికి మాత్రం సిద్ధం! ఆ సీసాను నీళ్ళలోకి విసిరేశాను. "మందు వృథా అయింది. కారణం?" అని అడిగింది యంత్రం. చేపలకు నిద్ర పట్టడం లేదని చెప్పాను. అదే రాసుకుంది.

సాయంత్రం మళ్ళీ మంగతాయి దగ్గరికే వెళ్ళాను. అన్ని ఇళ్ళలో లేనిది ఈ ఇంట్లో ఏముందో తెలియాలి. ఆమె పుట్టిల్లు మెట్ట. అన్నం ఇదే, నీళ్ళు ఇవే. చివరకు పొయ్యి దగ్గర ఉప్పు జాడీ కనబడింది.

"మాయమ్మ పంపుద్దండి. ఈ మండలివోళ్ళ ఉప్పు మా ఆయనకి చప్పగా ఉంటదంట" అంది నవ్వుతూ.

మెట్ట ఉప్పులో అయోడిన్ ఉంటుంది. ఆ గ్రంథి పని చేయడానికి కావలసింది అదే. మండలి ఈ పేటకు ఇచ్చే ఉప్పును నాలుక మీద వేసుకుని కాదు, పరీక్ష గొట్టంలో వేసి చూశాను. అందులో అయోడిన్ చుక్క కూడా లేదు.

నమోదు 4

మండలి సమీక్షాధికారి ప్రభంజన్ గారితో తెర మీద మాట్లాడాను. మర్యాదస్తుడు. ఎంత మర్యాదస్తుడంటే, మాట్లాడుతున్నంతసేపూ నాకు చెయ్యి దురద పెట్టింది.

"శర్వాణి గారూ, మీరు కంగారు పడుతున్నారు. ఆ బిడ్డ అంకె తెప్పల ప్రాంతపు సగటులోనే ఉందండీ."

"ఆ సగటే జబ్బుతో ఉంది."

"ఏటేటా ఆ ప్రాంతపు బిడ్డల రక్తాన్ని బట్టే ఉయ్యాల తన కొలతను సరిచేసుకుంటుంది. ఎక్కడి బిడ్డలకు అక్కడి కొలత. మెట్ట పిల్లల కొలతతో తెప్పల పిల్లలను కొలవడం వివక్ష కాదా, చెప్పండి?"

ఆ వాదన వదిలేశాను. ఉప్పు సంగతి అడిగాను. అయోడిన్ కలపడం ఎందుకు ఆపారు?

"ఒకప్పుడు కలిపేవాళ్ళమే. జబ్బు లెక్క సున్నాకు వచ్చింది. లేని జబ్బుకు మందెందుకని ఆపాం. ఇప్పటికీ సున్నానే ఉంది, చూడండి."

చూశాను. ఉప్పు వల్ల జబ్బు పోయింది. జబ్బు పోయిందని ఉప్పులో మందు తీసేశారు. జబ్బు మెల్లగా తిరిగొచ్చింది. ఏటికేడాది కొంచెం కొంచెంగా రావడంతో ఉయ్యాల కొలత కూడా దాని వెంటే దిగుతూ వచ్చింది. అందుకని ఒక్క ఎర్రదీపమూ వెలగలేదు. దీపం వెలగలేదు గనుక జబ్బు సున్నా. అద్దంలో ముఖం కనబడకుండా మసి పూసి, ముఖాన మచ్చ లేదని మురిసిపోయినట్టుంది.

"పదిమందిలో ఏడుగురు పిల్లలకు ఉందండీ!" అని అరిచాను.

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "పదిమందిలో ఏడుగురికి ఉంటే అది జబ్బెలా అవుతుందండీ?"

తెర ఆపేశాను.   ఒక బిడ్డకు వస్తే ప్రమాదం, పది బిడ్డలకు వస్తే సహజం, ఊరు మొత్తానికి వస్తే ఆచారం! వీళ్ళ బుద్ధి మండా! ఆ మాట కిందా యంత్రం గీత గీసింది. గీసుకోనీ.

నమోదు 5

ఉయ్యాలకు తాను ఎక్కడుందో తెలుసు. జలాశయంలో ఎర్ర పీపాలు వరసగా తేలుతూ ఉంటాయి. వాటికి ఇవతల తెప్పల ప్రాంతం, అవతల మెట్ట ప్రాంతం. అవతలికి వెళితే మెట్ట కొలతతోనే కొలవాలి కదా! బిడ్డను ఉయ్యాలతో సహా పడవలో తీసుకెళతానని వరహాలు ఇంటికి వెళ్ళి చెప్పాను. జబ్బు గురించి దాపరికం లేకుండా అంతా చెప్పాను.

నూకరత్నం విరుచుకుపడింది.

"పచ్చదీపం ఎలుగుతా ఉంటే మా పిల్లకి రోగవంటారేటి? ఏడవట్లేదని ఏడిసేవోళ్ళని ఇయ్యాలే సూశాను! నిండుకుండకి వంక పెడతారా? మా పేటని ఆడిపోసుకోడానికేనా మిమ్మల్ని పంపారు?"

"అమ్మా, అది నిండుకుండ కాదు. ఆ పిల్ల ఒంట్లో ఓపిక లేదు, అందుకే ఏడవడం లేదు."

"సాల్లెండి! మా కొండబాబూ ఇలాగే పుట్టాడు. ఆడికేటి తక్కువ? బంగారంలాంటోడు. ఒక్కనాడు నా మాట కాదన్నాడా?"

అప్పుడు వరహాలు లేచి నిలబడింది. బాలింత, గోడ పట్టుకుని నిలబడింది. ఆమె గొంతు అంత గట్టిగా ఉంటుందని నేననుకోలేదు.

"ఆడు ఏ మాటా అన్లేదత్తా. అవునని అన్లేదు, కాదనీ అన్లేదు. ఐదేళ్ళొచ్చాయి, నన్ను అమ్మా అని ఒక్కసారి పిలవలేదు. కుండకేసి సూసి మీరందరూ మురిసిపోయారు. నేను రోజూ ఆడి నోటికేసి సూశాను. ఈ పిల్ల నోటికేసి కూడా అలాగే సూడమంటావా?"

నూకరత్నం కొండబాబు దగ్గరికి వెళ్ళి వాడి ముందు కూర్చుంది. "నానా, నానమ్మా అను. ఒక్కపాలి అను" అంది. వాడు ఆమె ముక్కుపుడక వైపు చూశాడు, అంతే. చాలాసేపు అలాగే అడిగింది. నేను తల తిప్పుకున్నాను. వరహాలు మాత్రం తిప్పుకోలేదు.

చివరికి నూకరత్నం కొంగుతో ముఖం తుడుచుకుని నా వైపు తిరిగింది. "వీడికి ఆ మందెయ్యరా?"

అబద్ధం చెప్పలేకపోయాను. "వేస్తాను. కొంచెం హుషారు వస్తుంది. పోయిన ఐదేళ్ళూ మాత్రం రావమ్మా."

ఆమె తల ఊపింది. "మరి పిల్లని తీసుకెళ్తే అక్కడ మందెవరిత్తారు?"

చిక్కు అక్కడే ఉంది. మందుల పెట్టె ఆస్పత్రి నేలకు బోల్టులతో బిగించి ఉంది. ఉయ్యాల ఆ పీపాల గీత అవతల ఎరుపు చూపించినా, గీత ఇవతల ఉన్న పెట్టె ఒప్పుకోదు. దాన్ని ఎలా ఊడదీయాలో ఆలోచిస్తున్నానని చెప్పాను.

నూకరత్నం నన్ను జాలిగా చూసింది. మెట్టవాళ్ళకు ఇంతకన్నా బుద్ధి ఉండదన్నట్టు.

"ఊడదియ్యడవెందుకు? ఆస్పత్రి తెప్పే కదేటి! ఒరే సింహాద్రీ, తాళ్ళు విప్పండ్రా!"

సింహాద్రి ఆమె కొడుకు, వరహాలు భర్త. అంతసేపూ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. వెంటనే గడ అందుకున్నాడు.

నమోదు 6

ఆస్పత్రి ప్రయాణం కట్టింది.

పొద్దున్నే మగవాళ్ళు తాళ్ళు విప్పి గడలు వేశారు. యంత్రం గోల గోల. "ఆస్పత్రి స్థానం మారుతోంది. ఆస్పత్రి స్థానం మారుతోంది." మారుతోంది నాయనా, చూస్తున్నాం. చోద్యం చూడడానికి కొందరు తల్లులు పసిపిల్లల ఉయ్యాలలతో సహా పడవలెక్కి వెంట వచ్చారు. వీళ్ళు ఎక్కడికి వెళ్ళినా ఇల్లంతా వెంటేసుకునే వెళతారు.

వరహాలు బిడ్డ ఉయ్యాలకు చెరోవైపు నేనూ ఆమే కూర్చున్నాం. పచ్చదీపం. ఎర్ర పీపాలు దగ్గరవుతున్నాయి. ఇంకా పచ్చదీపమే. నా ఊహ తప్పయితే ఈ తల్లికి ఏం చెప్పాలి? 

తెప్ప ముందు భాగం పీపాలు దాటింది. తర్వాత మేము దాటాం.

ఉయ్యాల ఒక్కసారిగా కెవ్వుమంది. ఎర్రదీపం. "అత్యవసరం! అత్యవసరం! వెంటనే మందు ఇవ్వండి!" అదే బిడ్డ, అదే రక్తం. బారెడు నీళ్ళకు ఇవతల సాధారణం, అవతల అత్యవసరం. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఇన్నాళ్ళూ దీనికి తెలుసు! తెలిసి పచ్చగా వెలిగింది!

పెట్టె తెరుచుకుంది. మాత్ర తీశాను. వరహాలు తన పాలు ఉగ్గుగిన్నెలోకి పిండింది, నలిపి రంగరించి పోశాం. బిడ్డ చప్పరించి మింగింది.

అప్పటిదాకా చూస్తున్న పడవలు కూడా ఒక్కొక్కటే గీత దాటాయి. ఒక ఉయ్యాల అరిచింది. పక్కది అరిచింది. తర్వాత ఎన్ని అరిచాయో! నీళ్ళ మీద ఎటు చూసినా ఎర్రదీపాలే. నవ్వుతూ వచ్చిన తల్లులు బిడ్డల్ని గుండెలకు హత్తుకుని నా వైపు పడవలు తోసుకొచ్చారు. ఒక్క మంగతాయి ఉయ్యాల మాత్రం పచ్చగా మారింది. ఆమె కొడుకు ఆ గోలనంతా మించి ఏడుస్తున్నాడు.

ఆస్పత్రిని యథాస్థానానికి చేర్చమని మండలి నుంచి ఉత్తర్వు వచ్చింది. లంగరు వేయించాను.

నమోదు 7

రెండు వారాలుగా నమోదు చెప్పే తీరిక లేదు. ఈ రోజు వరహాలు బిడ్డ బారసాల. ఆస్పత్రి తెప్ప మీదే, గీత అవతలే.

ప్రభంజన్ గారు పొద్దున తెర మీదికి వచ్చారు. ఈసారి మర్యాద కాస్త పలచబడింది. మెట్ట ప్రాంతపు లెక్కలు చెడిపోయాయట. ఎన్నడూ లేని జబ్బు ఒక్కసారిగా పుట్టుకొచ్చిందట. పైనుంచి సంజాయిషీ అడుగుతున్నారట. "మీరు వెనక్కి వెళ్ళిపోతే లెక్క మళ్ళీ సరిపోతుంది" అన్నారు.

"ఉప్పులో అయోడిన్ కలిపి పంపండి. ఉయ్యాల కొలత సరిచేయండి. అప్పుడొస్తాం."

"పరిశీలిస్తాం."

"పరిశీలించండి. మేమిక్కడే ఉంటాం." అంతవరకు మంగతాయి తల్లి మెట్ట నుంచి బస్తాలకు బస్తాలు ఉప్పు పంపిస్తోంది.

బిడ్డకు పసుపు విరిగింది. చర్మం వెచ్చబడింది. పాలకు తనే లేస్తోందని వరహాలు చెప్పింది. చెబుతూ నవ్వింది, ఆమె నవ్వడం ఇదే చూడడం. అయినా శంఖం సంగతి తలుచుకుంటే నాకు దడగానే ఉంది.

పేరు పెట్టారు. గంగాభవాని. పేట పెద్ద ఉయ్యాల పక్కకు వచ్చి శంఖం పూరించాడు. బిడ్డ చేతులు రెండూ విదిల్చి ఉలిక్కిపడింది. ముఖం ఎర్రగా చేసుకుని గుక్కపట్టి ఏడ్చింది. బొంగురు లేదు, మూలుగు లేదు. చెవులు గింగుర్లెత్తే ఏడుపు.

 అక్కడున్నదంతా తరతరాలుగా ఈ చప్పుడుకు తలలు దించుకున్నవాళ్ళు. వరహాలు బిడ్డను ఎత్తుకుని ఊరుకోబెట్టలేదు. అలాగే నిలబడి వింటోంది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

నూకరత్నం లేచింది. కొని దాచిన కొత్త ఇత్తడి కుండ తెచ్చింది. నీళ్ళలో పారేస్తుందనుకున్నాం. ఆమె కుండను బోర్లించి చంకన పెట్టుకుని, గరిటె ఒకటి అందుకుంది. పక్కనున్న ఉయ్యాల దగ్గరికి వెళ్ళి, బిడ్డ చెవి పక్కన ఠంగుమని కొట్టింది. ఆ బిడ్డ ఉలిక్కిపడి ఏడ్చింది. వాడికి మందు వేయడం ముందే మొదలైంది. "ఈడు తొణికాడు!" అని అరిచి పడవెక్కింది.

గీత దాటకుండా, నా మాట నమ్మకుండా, ఇంకా పేటలోనే ఉండిపోయిన ఇళ్ళున్నాయి. ఆమె పడవ అటే వెళ్ళింది. ఒక్కో తెప్ప ఎక్కుతోంది, ఒక్కో ఉయ్యాల దగ్గర కుండ మోగిస్తోంది. ఆ మోత నీళ్ళ మీదుగా ఇక్కడికి వినిపిస్తోంది. మోత తర్వాత ఏడుపు రాకపోతే, ఆమె గొంతు వస్తోంది.

"డాకటరమ్మా! ఇది తొణకలేదు! ఇటు పడవంపండి!"

కొండబాబు గడకు ఆనుకుని కూర్చుని ఆ చప్పుడు వస్తున్న వైపు చూస్తున్నాడు. వాడికి ఈ రోజు మాత్ర వేశాను. రేపూ వేస్తాను. వాడికి జరిగిన అన్యాయాన్ని ఏ లెక్కలో రాయాలో నాకు తెలియడం లేదు.

యంత్రం ఇప్పుడే అడిగింది: "పరిసర శబ్దం సాధారణ స్థాయిని మించింది. కారణం చెప్పండి."

రాసుకో. పిల్ల ఏడుస్తోంది.